సెల్లారులో అమ్మ సీసాలు

"మిరపకాయలు ఆగవు. ఆస్పత్రి ఎక్కడికీ పోదు," అంది దోనా.

ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. గుండెకి వెళ్ళే రక్తనాళం ఒకటి పూడుకుపోతోందనీ, సెప్టెంబరు ఇరవై నాలుగున వచ్చి చేరితే సరిచేసి పంపిస్తామనీ దగ్గర్లోని ప్లోవ్‌దివ్ నగరంలో డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ వారమే వాళ్ళ ఊరు పర్వొమాయ్ సంతలోకి ఎర్ర మిరప దిగింది. అరచెయ్యంత కాయలు, కారం లేనివి, బాగా కండపట్టినవి. మూడు బస్తాలు అప్పటికే పెరట్లోకి వచ్చిపడ్డాయి. దోనా మొగుణ్ణి పిలిచి, "ఫోన్ చేసి ఓ పదిహేను రోజులు జరపమను. అబ్బాయి దగ్గర నేను పెట్టిన మిరప సీసా ఒక్కటి కూడా మిగల్లేదట," అంది. స్తమెన్ ఫోన్ చేశాడు. ఆస్పత్రివాళ్ళు అక్టోబరు పదో తారీకు ఇచ్చారు. దోనా మూడో తారీకునే పోయింది. పెరట్లో పీట మీద కూర్చుని, కాల్చిన కాయలకి తొక్క తీస్తూ తీస్తూ పక్కకి ఒరిగిపోయింది.

ఈ సంగతి స్తమెన్ ఎవరి దగ్గరా దాచలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పుకున్నాడు. రొట్టెల కొట్లో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, మంగలి కుర్చీలో గడ్డం గీయించుకుంటూ చెప్పాడు. "ఫోన్ చేసింది నేనే. అది అడిగింది, నేను చేశాను. కాదు కూడదు, పద, కారెక్కు అనుంటే ఈపాటికి బతికుండేది." రైలు గేటు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. ఒక్కసారి కూడా గేటు ఆలస్యంగా వెయ్యలేదని పేరు. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది.

కొడుకు రంగెల్ అక్కడే ఉంటే, తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా నేలకేసి చూస్తూ ఉండేవాడు. అతనికి నలభై నాలుగేళ్ళు. ప్లోవ్‌దివ్‌లో పళ్ళసెట్లు చేసే పని. పెళ్ళాంతో విడిపోయి ఏడేళ్ళయింది, ఒంటరిగా ఓ అపార్ట్‌మెంటులో ఉంటాడు.

దోనా ఆఖరి ఆగస్టులో ఫోన్ చేసి అడిగిన మాట అతని చెవిలో అలాగే ఉండిపోయింది.

"పోయినేటివి ఏమైనా మిగిలాయా నాయనా?"

"ఒక్కటీ లేదమ్మా. ఆఖరి సీసా రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిన్నా."

"అయితే ఈసారి ఎక్కువ పెడతా."

"పెట్టమ్మా," అన్నాడు రంగెల్. అప్పుడతను పని బల్ల దగ్గర ఉన్నాడు, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి ఎవరిదో దవడ అచ్చు అరగదీస్తున్నాడు.

అది అబద్ధం. ఆ సంవత్సరానిదే కాదు, పదకొండేళ్ళ అబద్ధం. దోనా ఏటా ముప్పై సీసాలు పంపేది, సగం కాల్చిన మిరప, సగం ల్యూతెనిత్స పచ్చడి. పెళ్ళాం ఉన్న రోజుల్లోనే అవి సగానికి సగం మిగిలేవి. తర్వాత మధ్యాహ్నం పని దగ్గర హోటల్లో, రాత్రి ఏ చీజు ముక్కో. సీసా మూత తియ్యాలనే తోచేది కాదు. అలాగని వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే అమ్మ నొచ్చుకుంటుందని మొదట్లో అనుకున్నాడు. నిజానికి వద్దని చెప్పడం కన్నా పంపమనడం సులువు, అంతే. దోనాకి మాత్రం ఖాళీ సీసాలు కచ్చితంగా వెనక్కి రావాలి, మళ్ళీ ఏటికి అవే కావాలి. అందుకని రంగెల్ ఓ రెండేళ్ళు నిండు సీసాలు తెరిచి టాయిలెట్లో ఒంపేసి, శుభ్రంగా కడిగి తెచ్చి ఇచ్చాడు. "చూడండర్రా, నా కొడుకు ఎలా తోమి ఇస్తాడో," అని దోనా పక్కింటివాళ్ళకి చూపించింది. ఆ మాట విన్నాక ఇంక ఒంపలేకపోయాడు. నిండువాటిని అపార్ట్‌మెంటు కింద సెల్లారులో తన గదిలో పేర్చి, సంతలో పాత ఖాళీ సీసాలు కొని అమ్మకి ఇస్తూ వచ్చాడు. స్తమెన్ లాడా కారులో సీసాలు తెచ్చినప్పుడల్లా, "నువ్వు మెట్లు దిగకు నాన్నా, నేను దింపుకుంటాలే," అనేవాడు.

దోనా పోయాక అతను సెల్లారు తలుపు తియ్యలేదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. స్తమెన్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఈ ఏడు మనమే పెడదాం."

"ఏంటి పెట్టేది?"

"సీసాలు. మిరపకి చెప్పేశా, రెండు బస్తాలు. శనివారాలు వస్తే నేర్చుకుంటూ చేద్దాం. మీ అమ్మ పోయిన ఏడు నీకు ఒక్కటి కూడా అందలేదు. చలికాలమంతా ఏం తిన్నావో ఏమో."

"నాన్నా, ఇప్పుడు కొట్లలో అన్నీ దొరుకుతున్నాయి."

"కొట్లో దొరికేదాని కోసమా మీ అమ్మ పోయింది?" అన్నాడు స్తమెన్.

రంగెల్ వస్తానన్నాడు.

వాళ్ళిద్దరికీ ఆ పనిలో ఓనమాలు రావు. స్తమెన్ నలభై ఐదేళ్ళు బస్తాలు మోశాడు, కట్టెలు కొట్టాడు, మూతలు బిగించాడు, ఎప్పుడైనా కాసేపు తెడ్డు తిప్పాడు, అంతే. దోనా నోటుబుక్కు వెతికి తీశారు. అందులో ఒక పేజీలో "మిరప 40 కిలోలు, టమాటా 15, నూనె 3 లీటర్లు, ఉప్పు చూసుకుని" అని ఉంది. ఏం చూసుకోవాలో రాయలేదు.

పక్కింటి కేరకి డెబ్బై ఆరేళ్ళు. కంచె మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడింది.

"అత్తా, నువ్వొచ్చి ఓసారి చేసి చూపించకూడదూ?" అన్నాడు రంగెల్.

"నేను చేసిపెడితే మీరు నేర్చుకున్నట్టా? చెయ్యండి. తప్పు చేస్తే చెప్తా."

"ముందే చెప్పొచ్చుగా."

"ముందే చెప్తే మీ మగాళ్ళ బుర్రకెక్కదు అబ్బాయ్."

మొదటి శనివారం కాల్చే కరెంటు కుంపట్లో ఒక్కో కాయా దించి, నల్లబడ్డాక తీసి, పళ్ళెంలో ఆరబెట్టారు. తొక్క రాలేదు. గోళ్ళతో గీకితే కండ ఊడొచ్చింది. వేడివేడిగా గిన్నెలో వేసి మూత పెడితే ఆ ఆవిరికి తొక్క దానంతటదే వదులుతుందని కేర అప్పుడు చెప్పింది. నింపిన సీసాలని ఇనప పీపాలో పేర్చి, నీళ్ళు పోసి కింద మంట పెట్టారు. కాసేపటికి లోపల్నుంచి టప్పుమంది. ఆ వెంటనే ఇంకోటి.

"మధ్యలో గుడ్డలు పెట్టారా?" అంది కేర.

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సీసా సీసా తగిలితే పగలవూ? నీ పాత చొక్కాలున్నాయిగా స్తమెనూ, చింపు."

తొమ్మిది సీసాలు పగిలాయి. స్తమెన్ పీపాలోకి వంగి ఎర్రగా మారిన నీళ్ళలోంచి గాజుపెంకులు ఏరుతూ, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మీ అమ్మ చూస్తే ఈ తెడ్డుతోనే ఇద్దరికీ వాయించేది," అన్నాడు. రంగెల్ కూడా నవ్వాడు.

రెండో శనివారానికి మిగిలిన సీసాల్లో ఐదింటి మూతలు ఉబ్బాయి. మూత తియ్యగానే బుసబుసమని నురగ. వాటిని గొయ్యి తీసి పూడ్చారు. కానీ ఆ రోజు కాల్చినవాటికి తొక్క చక్కగా వచ్చింది, గుడ్డలు చుట్టి ఉడికించినవి ఒక్కటీ పగల్లేదు. చల్లారాక మూత మధ్యలో వేలితో నొక్కి చూడాలి, లోపలికి పీల్చుకుని కదలకుండా ఉంటే నిలవుంటుంది. స్తమెన్ ఒక్కొక్కటీ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, తలాడించి పక్కన పెట్టాడు.

"ఇక ల్యూతెనిత్స," అన్నాడు. "కానీ దాని రుచి ఎలా తేవాలి? జీలకర్ర ఎంత? వెల్లుల్లి వేసేదా? తిన్నాను గానీ అడగలేదురా ఎప్పుడూ." తర్వాత, "మన ఇంటి కింద గదిలో మీ అమ్మది ఒక సీసా ఉంది," అన్నాడు. "ఆఖరిది. సంవత్సరీకం నాడు కూడా తియ్యొద్దనుకున్నా. కానీ రుచి తెలియకపోతే ఎలా చేస్తాం? తీద్దామా?"

ఆ ఒక్క సీసా కోసం తండ్రి వారానికోసారి కిందకి దిగి, దుమ్ము తుడిచి పైకొస్తాడని రంగెల్‌కి తెలుసు.

"తియ్యకు నాన్నా," అన్నాడు. "నా దగ్గర ఒకటి ఉన్నట్టుంది. చూసి తెస్తా."

ఆ రోజు సాయంత్రమే సెల్లారు తలుపు తీశాడు. దీపం వేసి, వరసల వంక సరిగ్గా చూడకుండా, చేతికందిన పచ్చడి సీసా తీసుకుని బయటపడ్డాడు. మూత మీద ఏం రాసుందో కూడా చూడలేదు.

మూడో శనివారం పొద్దున్నే స్తమెన్ ఆ సీసా అందుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దోనా ఆకుపచ్చ సిరాతో ఏడాది వేసేది.

"రెండువేల పదమూడు," చదివాడు స్తమెన్. "ఐదేళ్ళనాటిది."

రంగెల్ వెంటనే అందుకున్నాడు. "వెనకెక్కడో ఉండిపోయింది నాన్నా."

స్తమెన్ మూత తీశాడు. వాసన చూశాడు. చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చప్పరించాడు. తర్వాత సీసా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాడు.

"కేరక్కా, ఇటు రా. రుచి చూడు. మావాడు అమ్మ చేతిదని ఐదేళ్ళు దాచుకున్నాడు చూశావా?"

కేర వేలితో తీసి నాకింది. "దోనాదే. జీలకర్ర తక్కువ, చివర్లో వెల్లుల్లి," అంది. తర్వాత రంగెల్ వైపు చూసింది. "ఐదేళ్ళ కిందట దోనా బతికే ఉందిగా అబ్బాయ్. అప్పుడు దాచుకోవడమేంటి?"

"ఏదో మూల పడి ఉండిపోయింది అత్తా."

"ఊఁ," అంది కేర. రంగెల్ కట్టెలు సర్దే వంకతో అక్కణ్ణుంచి తప్పుకున్నాడు.

గంగాళం పొయ్యిమీదికెక్కింది. రుబ్బిన మిరప, ఉడికించి వడగట్టిన టమాటా, నూనె. ఇక కలుపుతూనే ఉండాలి. మూడు గంటలో నాలుగు గంటలో, తెడ్డు లాగితే గంగాళం అడుగు ఓ క్షణం కనబడేదాకా. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే మొత్తం పారబొయ్యాల్సిందే. పచ్చడి కుతకుత ఉడుకుతూ చేతుల మీదకి చిందుతుంది. ఇద్దరూ వంతులేసుకుని కలిపారు.

మధ్యాహ్నం దాటాక స్తమెన్ వంతు. కేర మళ్ళీ కంచె దగ్గరికి వచ్చి, సంవత్సరీకానికి పూజారితో మాట్లాడావా అని అడిగింది.

"మాట్లాడా," అన్నాడు స్తమెన్ తెడ్డు తిప్పుతూ. "పాపం చెప్పుకున్నా కూడా. ఫోన్ సంగతి. అది తప్పు కాదు, ఆమె ఆయుష్షు అంతే అన్నాడాయన. ఆయనకేం తెలుసు? దానికి ఒంట్లో బాలేదని తెలిసీ ఫోన్ చేసింది నేను. ఇంకో నాలుగేళ్ళో ఐదేళ్ళో పోయి నేను కూడా దాని పక్కన పడుకోవాలి కదక్కా. ఏ మొహం పెట్టుకుని పడుకోను?"

కేర ఓదార్పుగా ఏదో గొణిగి లోపలికి వెళ్ళిపోయింది. పెరట్లో తండ్రీకొడుకులు మిగిలారు. రంగెల్ ఖాళీ సీసాలు తుడుస్తున్నాడు. చేతిలో సీసా కింద పెట్టేశాడు.

"నాన్నా, అది నీ తప్పు కాదు."

"పూజారి కూడా అదే అన్నాడు."

"కాదు, విను. అమ్మ ఎందుకు జరపమంది? నా దగ్గర సీసాల్లేవని. అవునా? ఉన్నాయి నాన్నా. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నేను తినలేదు. ఏళ్ళ తరబడి తినలేదు. అయిపోయాయని అమ్మకి అబద్ధం చెప్పా. ఏటా చెప్పా. పోయినేడాది కూడా అదే చెప్పా."

స్తమెన్ తెడ్డు ఆగలేదు. ఆపడానికి లేదు.

"ఎన్ని?" అన్నాడు.

"నూట ముప్పై ఏడు." ఆ లెక్క రంగెల్‌కి నోటికొచ్చు. ఎన్నో సార్లు లెక్కపెట్టుకున్నాడు, దోనా బతికుండగా.

"ఖాళీవి తెచ్చిచ్చేవాడివిగా."

"సంతలో కొన్నవి." ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. "అంతకుముందు రెండేళ్ళు మనవే. ఒంపేశా."

"ఎక్కడ?"

రంగెల్ చెప్పాడు.

స్తమెన్ గంగాళంలోకే చూస్తూ ఇంకో పది చుట్లు తిప్పాడు. చిందిన పచ్చడి మణికట్టు మీద పడినా చెయ్యి విదిలించలేదు. తర్వాత, "పట్టు," అని తెడ్డు కొడుకు చేతికిచ్చి, ఏప్రాన్ విప్పి కంచె మీద వేసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

రంగెల్ ఒక్కడే కలిపాడు. గంటన్నర కలిపాడు. భుజాలు పడిపోయాయి, ఎడం చెయ్యి నాలుగు చోట్ల బొబ్బలెక్కింది. లోపలికి వెళ్ళి బతిమాలదామంటే పచ్చడి వదలడానికి లేదు. దించాక, నింపాక, మూతలు బిగించి పీపాలో గుడ్డలు చుట్టి ఉడికించాక, ముప్పై ఒక్క సీసాలు తిరగేసి బల్ల మీద పేర్చాక, వెళ్ళి తలుపు కొట్టాడు.

"అయిపోయింది నాన్నా."

"రైలు టైమైంది. వెళ్ళు," అని లోపల్నుంచి వినబడింది.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు స్తమెన్ ఫోన్ ఎత్తలేదు. రంగెల్ చివరికి కేరకి చేశాడు. "బతికే ఉన్నాడు. తింటున్నాడు. నాతో కూడా మాట్లాడటం లేదు," అంది కేర. "ఏం చేశావో నాకు తెలీదు గానీ, తెలిసినట్టే ఉంది అబ్బాయ్." పని దగ్గర రంగెల్ ఒక ముసలాయన పళ్ళసెట్టుకి కింది దవడ పళ్ళు పై దవడకి అమర్చాడు. పదిహేడేళ్ళలో అలాంటి పొరపాటు చెయ్యలేదు. నిజం చెబితే తండ్రి గుండె మీది బరువు దిగుతుందనుకున్నాడు. దిగిందో, దాని మీద ఇంకోటి పెట్టాడో అతనికే తెలియలేదు. చెప్పడం కూడా తన సులువు కోసమే చేశాడేమోనని ఒక్కోసారి అనిపించేది.

పదిహేనో రోజు ఆదివారం. పొద్దున పదింటికి బెల్లు మోగింది. గుమ్మంలో స్తమెన్. వెనక, రోడ్డు పక్కన, లాడా డిక్కీ నిండా ఖాళీ చెక్కపెట్టెలు.

"చూపించు," అన్నాడు.

పెట్టెలు పట్టుకుని సెల్లారు మెట్లు దిగారు. రంగెల్ తలుపు తీసి దీపం వేసి పక్కకి జరిగాడు. మూడు గోడలకీ చెక్కబల్లలు, వాటి నిండా సీసాలు. స్తమెన్ ఒక పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడాదిగా ఒక్క సీసాకి కాపలా కాస్తున్నాన్రా నేను," అన్నాడు.

రంగెల్ మిగతా పెట్టెలు గోడ వారగా పెట్టాడు.

స్తమెన్ ఒక్కో సీసా తీసి, దుమ్ము ఊది, మూత మీది రాత పైకి చదవడం మొదలుపెట్టాడు. ఏడాది కింద దోనా చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసింది. రంగెల్ అవి ఎన్నడూ చదవలేదు. "రెండువేల పన్నెండు. ఉప్పు తక్కువ, ఇది ముందు తిను." "రెండువేల పద్నాలుగు. కారం కలిపా, జాగ్రత్త." "రెండువేల పదిహేను. మీ నాన్న కలిపాడు, కొంచెం అడుగంటింది, అనకు." అక్కడ స్తమెన్ ఆగాడు. ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని ఇంకోటి అందుకున్నాడు. "రెండువేల పదహారు. జ్వరంలో పెట్టా. ఎలా ఉందో చెప్పు."

"ఏం చెప్పావు?" అన్నాడు తలెత్తకుండా.

"బాగుందని."

"ఊఁ."

ఉబ్బిన మూతలున్నవి పంతొమ్మిది తేలాయి, వాటిని పక్కన పెట్టారు. మిగతావి స్తమెన్ పెట్టెల్లో సర్దాడు. రంగెల్ సాయానికి చెయ్యి చాపితే, "ముట్టుకోకు," అన్నాడు. మొదటి పెట్టె తనే ఎత్తి, మెట్ల దగ్గరికి మోసుకెళ్ళి, నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. పెట్టె దించడానికి చోటు లేదు. రంగెల్ రెండు మెట్లు కిందే నిలబడ్డాడు, ముట్టుకోమనేదాకా ముట్టుకోకూడదని. గాజు గలగలమంది.

"చూస్తూ నిలబడతావేంట్రా? రెండో వైపు పట్టు."

ఇద్దరూ కలిసి ఐదు పెట్టెలూ పైకి చేర్చారు. ఆఖరి పెట్టె డిక్కీలో పెట్టాక స్తమెన్ కారుకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఒంపేశావు, దాచావు, అబద్ధమాడావు. అవి నీకూ మీ అమ్మకీ మధ్య. అదుంటే చెంప పగలగొట్టి, మర్నాటికల్లా మళ్ళీ సీసాలు పంపేది," అన్నాడు. "కానీ ఏడాదిపాటు నేను ఊళ్ళో అందరి ముందూ ఆ మాట చెప్పుకుంటూ తిరిగాను. నువ్వు పక్కనే ఉన్నావు. విన్నావు. నన్ను ఒక్కణ్ణే మొయ్యనిచ్చావు."

"మొహం చెల్లలేదు నాన్నా."

"తెలుసు. బుధవారం సంవత్సరీకం. పొద్దున్నే రా," అని కారెక్కాడు.

బుధవారం చర్చి పెరట్లో బల్ల వేశారు. ఉడికించిన గోధుమలు, రొట్టె, వైను, వాటి పక్కన దోనా సీసాలు నలభై. కేర అన్నీ వాసన చూసి, పచ్చడి ఓసారి మరిగించి గిన్నెల్లో పోసింది. పాతిక ముప్పైమంది వచ్చారు. ఒక్కొక్కరూ రొట్టెకి రాసుకుని, తినేముందు ఆనవాయితీగా "దేవుడు క్షమించుగాక," అన్నారు. చనిపోయినవాళ్ళ కోసం అనే మాటే అది. కానీ రంగెల్‌కి ప్రతిసారీ తన వైపు చూసి అంటున్నట్టే ఉంది.

"ఇన్ని ఎక్కణ్ణుంచి వచ్చాయి స్తమెనూ?" అని రొట్టెల కొట్టావిడ అడిగింది.

"వాడి దగ్గరున్నాయి," అన్నాడు స్తమెన్. అంతకు మించి చెప్పలేదు.

"ఎంత బంగారంలాంటి కొడుకమ్మా. అమ్మ గుర్తుగా దాచిపెట్టాడు," అందావిడ. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఒకావిడ రంగెల్ భుజం నిమిరింది.

తండ్రి తనకేసి చూడటం లేదని రంగెల్ గమనించాడు. గోధుమల గిన్నె సర్దుతున్నాడు. ఊరుకుంటే ఆ మాట అలాగే నిలిచిపోతుంది, ఊళ్ళో పదిమందీ అనుకుంటారు, తండ్రి దాన్ని కూడా మోస్తాడు.

"దాచిపెట్టలేదండీ," అన్నాడు. గొంతు సరిగ్గా రాలేదు, మళ్ళీ అన్నాడు. "దాచిపెట్టలేదు. తినలేదు. అమ్మ పంపితే తినకుండా పడేశాను, తిన్నానని చెప్పాను. నాకు సీసాల్లేవనే అమ్మ ఆస్పత్రికి వెళ్ళడం వాయిదా వేసింది. నాన్న ఫోన్ చేసింది అందుకే."

భుజం నిమిరినావిడ చెయ్యి తీసేసుకుంది. పూజారి గడ్డం సవరించుకున్నాడు. స్తమెన్ గిన్నె కింద పెట్టాడు.

"మనం ఆలస్యం చేశాంరా," అన్నాడు, కొడుకుతోనే, కానీ అందరికీ వినబడేలా. "మీ అమ్మా తక్కువది కాదు. మొండిఘటం. ముగ్గురం కలిసి చేశాం."

"రొట్టె చల్లారిపోతోంది, తినండి," అంది కేర, గిన్నె పక్కవాళ్ళకి అందిస్తూ.

ఆ రోజు నుంచి పర్వొమాయ్‌లో కొందరు రంగెల్‌ని పలకరించడం మానేశారు. రొట్టెల కొట్టావిడ ఇప్పటికీ మొహం తిప్పుకునే రొట్టె ఇస్తుంది. అందులో అన్యాయం ఏమీ ఉన్నట్టు రంగెల్‌కి తోచలేదు. స్తమెన్ మాత్రం ఫోన్ సంగతి మంగలి దగ్గరా చర్చి దగ్గరా చెప్పడం తగ్గించాడు. పూర్తిగా మానలేదు.

తండ్రి క్షమించాడో లేదో రంగెల్ అడగలేదు. స్తమెన్ చెప్పనూ లేదు. సంవత్సరీకం తర్వాత మిగిలిన దోనా సీసాల్లో పన్నెండు కొడుక్కిచ్చి, "పారెయ్యాలనిపిస్తే నాకు తెచ్చియ్యి," అన్నాడు. రంగెల్ వాటిని వంటింట్లో, కళ్ళెదురుగా పెట్టుకున్నాడు. జ్వరంలో పెట్టానన్నది ఒక రోజు తెరిచాడు. పులుపు ఎక్కువైంది, ఉప్పు రెండుసార్లు పడింది. నాలుగు రోజుల్లో ఆ సీసా అంతా తిన్నాడు. ఎలా ఉందో చెప్పడానికి ఎవరూ లేరు. తినేటప్పుడు మాత్రం రేడియో పెట్టుకోలేదు.

నవంబరులో ఊరబెట్టే క్యాబేజీ వచ్చింది. నూట ఇరవై లీటర్ల పీపా, కాడలు తీసి ఉప్పు కూరిన ముప్పై పువ్వులు, పైన బరువుకి ఓ పెద్ద రాయి. ఇది కేర ముందే నేర్పింది, ఎందుకో తప్పు చేసేదాకా ఆగలేదు. పీపా అడుగు కుళాయి తిప్పి, ఉప్పునీళ్ళు బకెట్లోకి వంచి, మళ్ళీ పైన పొయ్యాలి. రెండు రోజులకోసారి చెయ్యకపోతే అడుగున కుళ్ళుతుంది. మామూలు రోజుల్లో స్తమెన్ వంతు, శనివారం రంగెల్ వంతు అనుకున్నారు.

ఒక శనివారం పట్టాల మీద మంచు పడి రైలు రెండు గంటలు ఆలస్యమైంది. రంగెల్ స్టేషన్ నుంచి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. చీకటి పడబోతోంది. స్తమెన్ కోటు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, పెరట్లో పీపా పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర ఖాళీ బకెట్.

"ఈ చలిలో ఎంతసేపట్నుంచి కూర్చున్నావు నాన్నా? నువ్వే పోసేసి లోపలికి వెళ్ళొచ్చుగా."

"నీ వంతు," అన్నాడు స్తమెన్, బకెట్ అతని వైపు జరుపుతూ. "నేనెందుకు పోస్తాను?"

రంగెల్ చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, వంగి కుళాయి తిప్పాడు.